విడాకుల పిటిషన్‌లో ఏ పేరు రాయాలి? ఆధార్‌లో ఉన్నదా, పెళ్లి పత్రికలో ఉన్నదా?

నమస్తే అమ్మా. మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. 2015లో పరకాలలో పెళ్లయింది. పెళ్లి పత్రికలో మీ ఆయన పేరు కుమార్, ఆధార్‌లో కొమురయ్య. మీ పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో అత్తగారింటి పేరు ఉంది. ఇప్పుడు హనుమకొండలో అమ్మగారింట్లో ఉంటున్నారు, విడాకుల పిటిషన్ వేయాలనుకుంటున్నారు. ఏ పేరు రాయాలి, పేరు తప్పు పడితే కేసు కొట్టేస్తారా, నలుగురి నోళ్లలో పడకుండా పిలుపు పేరు ఒక్కటే రాసి ఊరుకోవచ్చా అని అడిగారు.

రెండు పేర్లూ రాయండి. ఆధార్‌లో ఉన్న పూర్తి పేరు ముందు రాసి, పెళ్లి కాగితాల్లో ఉన్న పేరు దాని పక్కనే ‘అలియాస్’ అని పెట్టి రాయాలి. ఆయనకైనా అంతే, మీకైనా అంతే. పేరులో తేడా ఉన్నంత మాత్రాన కేసు కొట్టేయరు. మనిషి ఫలానా అని తెలుస్తున్నంత వరకు పేరును దిద్దుకునే దారి చట్టంలో ఉంది. పిలుపు పేరు ఒక్కటే రాయడం మాత్రం అస్సలు వద్దు. ఆ తప్పు ఇవాళ కనబడదు, డిక్రీ (కోర్టు చివరగా ఇచ్చే తీర్పు పత్రం) చేతికొచ్చిన రెండేళ్లకో మూడేళ్లకో బయటపడుతుంది.

ఎందుకో వివరంగా చెప్తాను. పిటిషన్ మొదటి పేజీలో ఇద్దరి పేర్లు, తండ్రి పేర్లు, వయసు, వృత్తి, చిరునామా ఉండే భాగాన్ని కోర్టులో కాజ్ టైటిల్ అంటారు. వాద పత్రంలో ఇద్దరి పేర్లు, వివరాలు, నివాసం ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 1 చెప్తుంది. హిందూ వివాహ చట్టం సెక్షన్ 21 ప్రకారం అదే పద్ధతి విడాకుల పిటిషన్లకూ వర్తిస్తుంది. ఆ టైటిల్‌లో మీరు రాసిన పేరే నోటీసు మీదికి పోతుంది, పేషీ జాబితాలోకి ఎక్కుతుంది, చివరికి డిక్రీ మీద పడుతుంది. జడ్జిగారు మధ్యలో ఎవరి ఆధార్ కార్డూ తీసి పేరు సరిచూసి రాయరు. మీరు కుమార్ అని ఇస్తే డిక్రీ కుమార్ పేరు మీదే వస్తుంది. రేపు ఆ డిక్రీని సబ్ రిజిస్ట్రార్ దగ్గరో, పాస్‌పోర్టు పనికో, సింగరేణి సర్వీసు రికార్డులోనో చూపిస్తే ‘ఆధార్‌లో కొమురయ్య అని ఉంది కదా, ఈ కుమార్ ఎవరు?’ అని అడుగుతారు. వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు.

మీకు ఊరికే అర్థం కావడానికి కల్పించిన పేర్లతో ఒక నమూనా ఇస్తున్నాను. కాజ్ టైటిల్ ఇలా ఉండాలి (పిటిషనర్ అంటే కేసు వేసేవారు, రెస్పాండెంట్ అంటే అవతలివారు):

గట్టు రజిత అలియాస్ బండి రజిత, భర్త: గట్టు కొమురయ్య అలియాస్ గట్టు కుమార్, తండ్రి: బండి రాజయ్య, వయసు: 31 సంవత్సరాలు, వృత్తి: కుట్టుపని, నివాసం: ఇంటి నంబరు, వీధి, హనుమకొండ మండలం, హనుమకొండ జిల్లా. — పిటిషనర్

గట్టు కొమురయ్య అలియాస్ గట్టు కుమార్, తండ్రి: గట్టు మల్లయ్య, వయసు: 36 సంవత్సరాలు, వృత్తి: ప్రైవేటు ఉద్యోగం, నివాసం: ఇంటి నంబరు, గ్రామం, హుజూరాబాద్ మండలం, కరీంనగర్ జిల్లా. — రెస్పాండెంట్

టైటిల్‌లో అలియాస్ పెట్టి వదిలేస్తే సగం పనే అయినట్టు. పిటిషన్ లోపల, పెళ్లి గురించి చెప్పే పేరాలోనే ఒక వాక్యం రాయించండి: ‘రెస్పాండెంట్ పేరు ఆధార్ కార్డులో గట్టు కొమురయ్య అని, పెళ్లి పత్రికలో గట్టు కుమార్ అని ఉన్నది; ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి.’ మీ ఇంటిపేరు గురించి కూడా ఇలాంటిదే ఇంకో వాక్యం కావాలి. రేపు సాక్ష్యం చెప్పేటప్పుడు ఇది పనికొస్తుంది. పిటిషన్‌లో లేని మాట సాక్ష్యంలో కొత్తగా చెప్తే అవతలి వకీలు పట్టుకుంటాడు. ముందే రాసి ఉంటే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

అలియాస్‌లు రెండు, మహా అయితే మూడు చాలు. ముద్దుపేరు, స్నేహితులు పిలిచే పేరు, ఫేస్‌బుక్ పేరు అన్నీ పెట్టి టైటిల్‌ను బరువు చేయొద్దు. ఏదో ఒక కాగితం మీద ఉన్న పేరు, లేదా ఊళ్లో పోస్ట్‌మ్యాన్ ఆయన్ను గుర్తుపట్టే పేరు అయితేనే రాయండి. ఈ రెంటిలో దేనికీ సరిపోకపోతే వదిలేయండి.

మన దగ్గర ఈ పేర్ల తంటా ఎక్కువగా ఉండటానికి కారణం ఉంది. ఐలోని (ఐనవోలు) మల్లన్న పేరు మీద ఐలయ్య, కొమురెల్లి మల్లన్న పేరు మీద కొమురయ్య, మేడారం తల్లుల పేర్ల మీద సమ్మక్క, సారక్క, సమ్మయ్య, ఎములాడ (వేములవాడ) రాజన్న పేరు మీద రాజయ్య, రాజేశం. ఇంట్లో పెద్దలు మొక్కు కొద్దీ పెట్టిన ఆ పేరే బడిలో, ఆధార్‌లో ఉంటుంది. పెళ్లి నాటికి కొమురయ్య కుమార్ అవుతాడు, సమ్మక్క స్వప్న అవుతుంది. నామ నక్షత్రం కుదరలేదని అయ్యగారు పెళ్లి పీటల దగ్గర పేరు మార్చిన సందర్భాలూ ఉంటాయి. ఇందులో ఎవరి మోసమూ లేదు. కానీ కోర్టు కాగితం మీద ఇద్దరు మనుషులు కనబడతారు. ఆ ఇద్దరూ ఒక్కరే అని చెప్పే బాధ్యత పిటిషన్ వేసినవాళ్లదే.

ఇంటిపేరు సంగతికొస్తే, పెళ్లయ్యాక ఆడపిల్ల ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. మార్చుకున్నా తప్పు లేదు. పిటిషన్ వేసే నాడు మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఏ ఇంటిపేరుతో ఉన్నాయో అది ముందు రాయండి, రెండోది అలియాస్. విడాకులు వచ్చినంత మాత్రాన ఇంటిపేరు దానంతటదే మారదు. మార్చుకోవాలంటే అది వేరే పని, డిక్రీ తర్వాత చూసుకోవచ్చు. కేసు నడుస్తుండగా మాత్రం ఆధార్‌లో పేరు మార్చకండి. పిటిషన్‌లో ఒక పేరు, సాక్ష్యం చెప్పే రోజు చూపించే కార్డులో ఇంకో పేరు ఉంటే లేని చిక్కు తెచ్చుకున్నట్టే. ‘ఇంకా ఆయన భార్య అని ఎందుకు రాయాలి?’ అని చాలామంది అడుగుతారు. డిక్రీ వచ్చేదాకా చట్టం దృష్టిలో మీరు భార్యే, అందుకే భర్త పేరు రాస్తారు. పక్కనే తండ్రి పేరు కూడా రాయిస్తే మీ గుర్తింపు గట్టిపడుతుంది.

ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిటిషన్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే టైపవుతాయి. ‘లక్ష్మి’ని మన తెలంగాణలో ఎక్కువగా ఎల్, ఏ, ఎక్స్, ఎం, ఐ అని రాస్తాం. టైపిస్టుకు అలవాటైన స్పెల్లింగ్‌లో కె, ఎస్, హెచ్ ఉంటాయి. శ్రీలో ‘ఎస్, ఆర్, ఐ’నా, ‘ఎస్, ఆర్, ఇ, ఇ’నా? స్వప్న, శ్వేత, విజయ, అన్నిటికీ ఇదే గొడవ. తెలుగులో చదివితే ఒకటే పేరు, ఇంగ్లిష్‌లో రెండు పేర్లు. అందుకే వకీలు దగ్గర పేరు నోటితో చెప్పి రావొద్దు. కార్డు జిరాక్స్ ఇచ్చి, టైపైన డ్రాఫ్ట్ చేతికొచ్చాక మొదటి పేజీని కార్డు పక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకోండి. ఐదు నిమిషాల పని. ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో కేసు వెతికేటప్పుడు కూడా నమోదైన స్పెల్లింగ్ కొడితేనే దొరుకుతుంది. కేసు నంబరు పడగానే ఆ కేసుకు మాత్రమే ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసి పెట్టుకుంటే పేరు మీద ఆధారపడే అవసరం రాదు.

ఇప్పుడు నోటీసు సంగతి. ఒక్కో ఊళ్లో పదిమంది కొమురయ్యలు ఉంటారు, ఒకే ఇంటిపేరుతో ముగ్గురైనా ఉంటారు. అందుకే పేరుతో పాటు తండ్రి పేరు, ఇంటి నంబరు, వాడకట్టు, మండలం తప్పనిసరి. సమన్లు పట్టుకుని ప్రాసెస్ సర్వర్ ఊళ్లోకి పోయి ‘కుమార్ ఎక్కడుంటడు?’ అంటే ఒకరు చూపిస్తారు, ‘గట్టు కొమురయ్య’ అంటే ఇంకొకరు చూపిస్తారు. రెండు పేర్లూ ఉంటే పొరపాటు జరగదు. ఒక్క పేరే ఉండి, అది అక్కడివాళ్లకు తెలియకపోతే ‘ఈ పేరు గలవారు ఈ చిరునామాలో లేరు’ అని రాసి సమన్లు వాపస్ వస్తాయి. మళ్లీ ప్రాసెస్ ఫీజు కట్టాలి, మళ్లీ పేషీ పడుతుంది. నెలలు ఇట్లాగే పోతాయి.

చిరునామాలో జిల్లా పేరు కూడా జాగ్రత్త. మీ పరకాలనే చూడండి. మీ పెళ్లి నాటికి అది వరంగల్ జిల్లా. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు చేసినప్పుడు వరంగల్ రూరల్‌లోకి పోయింది. 2021 ఆగస్టు మార్పుల తర్వాత హనుమకొండ జిల్లా. పెళ్లి పత్రికలో ఒక జిల్లా, పాత ఆధార్‌లో ఒకటి, కొత్త కార్డులో ఇంకొకటి ఉంటాయి. పిటిషన్‌లో ఇప్పటి పేరు రాసి, పెళ్లి జరిగిన చోటు చెప్పేటప్పుడు ‘అప్పటి వరంగల్ జిల్లా, ప్రస్తుత హనుమకొండ జిల్లా’ అని రాయించండి. మీ కేసు ఎక్కడ వేయాలనే దాంట్లో ఇబ్బంది లేదు. 2003 సవరణ తర్వాత భార్య తాను ఉంటున్న చోటే పిటిషన్ వేసుకోవచ్చు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 19లో అది ఉంది. మీరు హనుమకొండలో ఉంటున్నారు కాబట్టి అక్కడి పరిధిలోని ఫ్యామిలీ కోర్టులో వేయొచ్చు.

సమన్లు ఎంతకీ అందకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 20 కింద పేపర్ ప్రకటనకు అనుమతిస్తారు. అక్కడ పేరు మరీ ముఖ్యం. కొమురయ్యను ‘కుమార్’ అని పేపర్లో వేస్తే, ఆయన చూసినా అది తన గురించి కాదని వాదించొచ్చు. ఆయన రాకుండానే డిక్రీ అయిపోయిందనుకోండి, తర్వాత ఆర్డర్ 9 రూల్ 13 కింద రద్దు చేయమని అడుగుతాడు. సమన్లు సరిగ్గా అందలేదని తేలితే, ఆ 30 రోజుల గడువును డిక్రీ తేదీ నుంచి కాక ఆయనకు సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కపెడతారు. అంటే మూడేళ్ల తర్వాత తెలిసినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. అప్పటికి మీరు ఇంకో పెళ్లి చేసుకుని ఉంటే ఎంత ఇబ్బందో ఆలోచించండి.

ఆయన అసలు పేరు, స్పెల్లింగ్ మీ దగ్గర లేకపోతే వెతకడానికి చాలా చోట్లున్నాయి. పెళ్లి రిజిస్టర్ అయి ఉంటే ఆ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ కాపీ తీసుకోండి. కల్యాణలక్ష్మి తీసుకున్న ఇళ్లలో ఆ దరఖాస్తు జిరాక్స్ తరచూ ఇంట్లోనే దొరుకుతుంది. అందులో ఇద్దరి పేర్లూ ఆధార్ ప్రకారం ఉంటాయి. పిల్లల పుట్టిన సర్టిఫికెట్, బడి అడ్మిషన్, రేషన్ కార్డు, ఓటరు జాబితా, జాయింట్ ఖాతా పాస్‌బుక్, మీరు నామినీగా ఉన్న ఎల్ఐసీ బాండు, బీడీ కార్మికులైతే పీఎఫ్ కాగితాలు. ఇందులో ఏ రెండు దొరికినా పని నడుస్తుంది. వేరేవాళ్ల ఆధార్ వివరాలు దొంగచాటుగా తీయించే ప్రయత్నం మాత్రం చేయకండి, దాని అవసరం లేదు.

గల్ఫ్‌లో ఉన్న భర్తల విషయం వేరుగా చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు ఇది చాలా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది, లేదా తండ్రి పేరే ఇంటిపేరుగా ఎక్కి ఉంటుంది. ఆయన అక్కడుంటే పాస్‌పోర్టులో ఉన్న పేరును ఉన్నది ఉన్నట్టు ఒక అలియాస్‌గా చేర్చాలి, లేకపోతే అక్కడి చిరునామాకు నోటీసు చేరడం కష్టం. ఇద్దరూ ఒప్పుకొని వేసే పిటిషన్ అయి, ఆయన తరఫున తండ్రో అన్నో జీపీఏ (తన బదులు పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) మీద వస్తుంటే ఇంకా జాగ్రత్త. జీపీఏ అక్కడి భారత కాన్సులేట్‌లో పాస్‌పోర్టు పేరుతో అవుతుంది. ఆ పేరు పిటిషన్‌లో లేకపోతే ఆ జీపీఏ ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు చేయించాలి. తేదీ దాటాక గుర్తొచ్చి పరుగెత్తేవాళ్లే ఎక్కువ.

ముస్లిం కుటుంబాలవాళ్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట: కార్డుల్లో ‘ఎండీ’ అని పొట్టిగా, నికానామాలో ‘మొహమ్మద్’ అని పూర్తిగా ఉండటం మామూలే. ‘బీ’, ‘బేగం’ తేడా కూడా అంతే. రెండు రూపాలూ రాయాలి. చర్చిలో పెళ్లయినవాళ్లకు బాప్టిజం పేరు రిజిస్టర్‌లో, ఇంట్లో పెట్టిన పేరు ఆధార్‌లో ఉంటాయి, వాళ్లకూ ఇదే పద్ధతి.

మీ మూడో ప్రశ్నకు వస్తాను, దాని వెనకున్న భయం అర్థమైంది. పేరు దాచుకోవడానికి పిలుపు పేరు రాయాల్సిన అవసరం లేదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం విచారణ మూసిన గదిలో జరగాలి, అందులోని విషయాలను (కోర్టు అనుమతితో వేసే హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులు తప్ప) అచ్చు వేయడం, ప్రచురించడం నేరం. ఊళ్లో ఎవరో కోర్టు గుమ్మం దగ్గర నిలబడి మీ కేసు వినే వీలు ఉండదు. దీనికి బదులు తెలిసి తెలిసి తప్పు పేరు రాస్తే పిటిషన్ కింద మీరు చేసే వెరిఫికేషన్ (రాసినదంతా నిజమని పెట్టే సంతకం), దాంతో ఇచ్చే అఫిడవిట్ అబద్ధమవుతాయి. కోర్టుకు అబద్ధపు సాక్ష్యం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద శిక్షార్హం. మోసంతో తెచ్చుకున్న డిక్రీ ఎప్పుడైనా చెల్లకుండా పోతుందని సుప్రీంకోర్టు 1993లో చెంగల్వరాయ నాయుడు కేసులో స్పష్టంగా చెప్పింది. పొరపాటు వేరు, దాచడం వేరు. మొదటిదాన్ని కోర్టు దిద్దుతుంది, రెండోదాన్ని క్షమించదు.

ఇప్పటికే తప్పు పేరుతో పిటిషన్ వేసినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఏ దశలో ఏం చేయాలో చెప్తాను.

కేసు నంబరు పడకముందైతే తేలిక. ఆఫీసు అభ్యంతరం రాసి పిటిషన్ వాపస్ ఇస్తుంది, సరిచేసి గడువులోపు మళ్లీ పెట్టుకుంటే సరి. ఆ గడువు దాటనివ్వొద్దు.

నంబరు పడ్డాక పెన్నుతో కొట్టేసి పైన రాయడం కుదరదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6 రూల్ 17 కింద ఐఏ (అదే కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వేయాలి. దానికి అఫిడవిట్, అందులో తప్పు ఎలా పడిందో నిజంగా రెండు ముక్కలు, సరైన పేరున్న ఆధార్, పెళ్లి కాగితం కాపీలు, పాత పేరు కొత్త పేరు పక్కపక్కన చూపే సవరణ వాక్యం ఉండాలి. అవతలివాళ్లకు నోటీసు పోతుంది. ఆర్డర్ వచ్చాక కూడా పని అయిపోలేదు: ఆర్డర్‌లో గడువు చెప్పకపోతే 14 రోజుల్లోగా పిటిషన్‌లో ఆ సవరణ చేసి దిద్దిన కాపీ పెట్టాలి. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఐఏ అలవ్ అయిందని సంతోషపడి వదిలేస్తారు, అసలు పిటిషన్‌లో పాత పేరే మిగిలిపోతుంది, డిక్రీలో అదే వస్తుంది.

సాక్ష్యం మొదలయ్యాక సవరణ అడిగితే, శ్రద్ధగా ఉన్నా ముందే ఎందుకు అడగలేకపోయారో చెప్పాలి. మనిషి మారకుండా పేరు మాత్రమే దిద్దుతున్నామని చూపగలిగితే కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. మనిషే మారిపోతే, అంటే నోటీసు అందుకున్నది వేరే కొమురయ్య అయితే, అది పేరు దిద్దడం కాదు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

డిక్రీ వచ్చాక బయటపడితే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 152. రాతలో దొర్లిన పొరపాట్లను కోర్టు ఎప్పుడైనా సరిచేయొచ్చు, దానికి గడువు లేదు. కానీ ఒక కిటుకు గుర్తుంచుకోండి. కోర్టు టైపింగ్‌లో తప్పు పడితే 152 ఒక్కటి చాలు. తప్పు మీ పిటిషన్‌లోనే ఉండి డిక్రీలోకి పాకితే, డిక్రీ ఒక్కటి దిద్దమంటే ‘మీ పిటిషన్‌లో ఉన్నట్టే ఇచ్చాం కదా’ అంటారు. అప్పుడు 151, 152, 153 మూడూ కలిపి పిటిషన్‌నూ డిక్రీనీ రెంటినీ సవరించమని ఒకే ఐఏలో అడగాలి. సవరించిన డిక్రీ సర్టిఫైడ్ కాపీ కొత్తగా తీసుకోండి, పాత కాపీ ఎక్కడా చూపించకండి. నోటరీ అఫిడవిట్‌తో ‘ఈ రెండు పేర్లూ నావే’ అని రాయించుకుని డిక్రీకి పిన్ను కొట్టుకుంటే చాలనే సలహా ఇచ్చేవాళ్లుంటారు. కొన్ని కౌంటర్ల దగ్గర అది నడవొచ్చు, కోర్టు డిక్రీని మార్చే శక్తి దానికి లేదు.

మీ కేసు పరస్పర అంగీకారం దాకా వస్తే, అంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13-బి కింద ఇద్దరూ కలిసి వేస్తే, పేరు ఇంకో చోట కొరుకుతుంది. ఒప్పంద పత్రంలో శాశ్వత భరణం ఫలానా మొత్తం డీడీ ద్వారా అని రాసుకుంటారు. డీడీ పెళ్లి పత్రికలోని పేరుతో తీస్తారు, మీ ఖాతా ఆధార్ పేరుతో ఉంటుంది. బ్యాంకు జమ చేయదు. డీడీకి మూడు నెలలే చెల్లుబాటు, ఆ లోపు ఆయనతోనే మార్పించాలి. చేతికి డీడీ వచ్చిందని కోర్టులో సంతకం పెట్టేసి ఇంటికి పోయాక ఈ సంగతి తెలిస్తే ఎవరిని పట్టుకోవాలి? అందుకే ఒప్పందంలోనే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, పాస్‌బుక్‌లో ఉన్న పేరు అక్షరం మారకుండా రాయించండి. సంతకం కూడా మొదటి రోజు ఎలా పెట్టారో రెండో పేషీలో అలాగే పెట్టండి. మధ్యలో కనీసం ఆరు నెలలు ఉంటాయి. ఆ గడువును తగిన కేసుల్లో తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మీ కేసులో తగ్గుతుందన్న లెక్కతో కూర్చోవద్దు.

మెయింటెనెన్స్, గృహ హింస, వేధింపుల కేసు (పాత 498ఏ, ఇప్పుడు న్యాయ సంహిత సెక్షన్ 85) ఏవైనా ఇప్పటికే వేసి ఉంటే వాటి కాగితాలు తీసి చూడండి. అక్కడ ఆయన పేరు కుమార్ అని పడి ఉంటే ఆ పేరు ఇక్కడ అలియాస్‌గా తప్పక ఉండాలి. ఒక కేసులో వచ్చిన ఆర్డర్‌ను ఇంకో కేసులో చూపించేటప్పుడు రెండూ ఒకరి మీదవే అని కనబడాలి.

పాత పెళ్లి ఒకటి ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీలో ఇడుపు కాయితం రాసుకుని విడిపోయి, తర్వాత ఇంకో పెళ్లి చేసుకున్నవాళ్లు ఉంటారు. పిటిషన్‌లో పెళ్లి నాటికి ఇద్దరి స్థితి ఏమిటో రాయాల్సి వచ్చినప్పుడు దాన్ని దాచి ‘అవివాహిత’ అని పెట్టకండి. కులాచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం సెక్షన్ 29(2) కాపాడుతుంది, కానీ ఆ ఆచారం ఉందని నిరూపించుకోవాలి. మొదటి భర్త పేరు, ఇడుపు కాయితం తేదీ ఉన్నది ఉన్నట్టు రాయిస్తేనే అది మీకు రక్షణ. అవతలివాళ్లు బయటపెడితే అది మీ మీద ఆయుధమవుతుంది.

పిల్లల పేర్లు పుట్టిన సర్టిఫికెట్‌లో ఉన్నట్టే, పుట్టిన తేదీలతో సహా రాయాలి. విడాకులతో పిల్లల కాగితాల్లో తండ్రి పేరు పోదు, దాని గురించి బెంగ వద్దు.

వకీలు ఖర్చు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100. వెళ్లేటప్పుడు ఆధార్‌లు, పెళ్లి పత్రిక, పెళ్లి ఫొటోలు, మీ మెమో, ఆయన పేరున్న ఏవైనా రెండు కాగితాలు, అన్నీ రెండేసి జిరాక్సులు పట్టుకుని పోండి. ఒక తెల్లకాగితం మీద మీ పేరు ఎక్కడెక్కడ ఎలా ఉంది, ఆయన పేరు ఎక్కడెక్కడ ఎలా ఉంది అని రెండు వరుసలు రాసి పైన పెట్టండి. డ్రాఫ్ట్ చేసేవాళ్లకు అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

మీ పెళ్లి రిజిస్టర్ అయిందో లేదో మీరు రాయలేదు. కాకపోయినా పర్వాలేదు, ఇప్పుడు విడాకుల కోసమని పోయి రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు. రిజిస్టర్ కాలేదన్న కారణంతో హిందూ పెళ్లి చెల్లకుండా పోదని హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 లోనే ఉంది. పత్రిక, ఫొటోలు, పెళ్లికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషుల సాక్ష్యం సరిపోతాయి. అయి ఉంటే మాత్రం ఆ సర్టిఫికెట్ తీసి, అందులో ఆయన పేరు కొమురయ్య అని ఉందో కుమార్ అని ఉందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి టైటిల్‌లో అలియాస్ ఎలా పెట్టాలో చెప్తాను.